కార్ల కంపెనీని చక్కదిద్దిన ఇంజనీరు - ఆల్‌ఫ్రెడ్ స్లోన్

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం వేయడం ఆనవాయితీ. జాతీయ నాయకులు, సంఘ సంస్కర్తలు, శాస్త్రవేత్తలు ఇంతకు ముందు సంచికల్లో వచ్చారు. ఈసారి మేము ఎన్నుకున్న మనిషి ఒక కార్ల కంపెనీ అధ్యక్షుడు. పేరు ఆల్‌ఫ్రెడ్ ప్రిచర్డ్ స్లోన్. ఎం.బి.ఏ. చదివిన మన పాత విద్యార్థులకు ఈ పేరు పాఠ్యపుస్తకంలో పరిచయమే. తక్కిన వారికి ఆయన పేరు తెలియకపోయినా, ఆయన పట్టుదల వల్ల బతికి బట్టకట్టిన ఒక పేరు తప్పకుండా తెలిసి ఉంటుంది. అది షెవర్లే.

ఒకప్పుడు వార్షికోత్సవానికి పట్నం నుంచి వచ్చే మన సీనియర్లు నలుగురైదుగురు కలిసి అద్దె తవేరాలో దిగేవారు. పిల్లలమంతా దాని చుట్టూ మూగి, ముందు భాగాన మెరిసే బో టై ఆకారపు గుర్తును తడిమి చూసేవాళ్ళం. ఆ గుర్తు గల కార్ల తయారీని 1921లోనే మూసెయ్యమని నిపుణులు సలహా ఇచ్చారనీ, ఒక మనిషి అడ్డుపడ్డాడనీ ఈ మధ్య చదివాం. అక్కడి నుంచి మొదలైంది మా ఆసక్తి. చదివేకొద్దీ స్లోన్ గారి మీద గౌరవమూ పెరిగింది, కోపమూ వచ్చింది. రెండూ దాచకుండా రాస్తున్నాం.

స్లోన్ 1875 మే 23న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, న్యూ హేవెన్ పట్టణంలో జన్మించారు. తండ్రి కాఫీ, టీ టోకు వ్యాపారి. ఆయనకు పదేళ్ళ వయసులో కుటుంబం న్యూయార్క్‌ను ఆనుకుని ఉన్న బ్రూక్లిన్‌కు మారింది. ఈ సంచికలో మనం చదివే జీవితాలు చాలావరకు వీధి దీపం కింద చదువుతో మొదలవుతాయి. ఇది అలాంటి కథ కాదు. స్లోన్‌కు కూటికీ గుడ్డకూ లోటు లేదు. చదువులో మాత్రం చురుకు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో నాలుగేళ్ళ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువును మూడేళ్ళలో ముగించి 1895లో పట్టా పుచ్చుకున్నారు.

పట్టా అయితే వచ్చింది గానీ ఉద్యోగం దొరకలేదు. చివరకు తండ్రి పరిచయాలతో న్యూజెర్సీలోని హయత్ రోలర్ బేరింగ్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. జీతం నెలకు 50 డాలర్లు. కంపెనీ అంటే పేరుకే. పాతిక మంది కూడా లేని చిన్న కార్ఖానా. దాన్ని పెట్టిన జాన్ వెస్లీ హయత్ సెల్యులాయిడ్‌ను తయారు చేసి పేరు తెచ్చుకున్న మనిషి. బిలియర్డ్స్ బంతులకు ఏనుగు దంతం బదులు వాడే పదార్థం కోసం చేసిన ప్రయత్నాల్లో అది పుట్టింది. ఆయనే ఒక కొత్త రకం బేరింగును కూడా కనిపెట్టారు. తిరిగే ఇరుసుకూ, కదలని గూటికీ మధ్య ఉండి రాపిడి తగ్గించేదే బేరింగు. సైకిల్ చక్రం ఇరుసు విప్పి గోళీలకు గ్రీజు రాసిన ప్రతివాడికీ అదేమిటో తెలుసు. హయత్ బేరింగులో గోళీల బదులు స్ప్రింగులా చుట్టిన ఉక్కు రోలర్లు ఉండేవి.

సరుకు మంచిదే. కంపెనీ మాత్రం నెల నెలా జీతాలకు తడుముకుంటోంది. 1898లో మూతపడే స్థితికి వచ్చింది. అప్పుడు స్లోన్ తండ్రి, ఆయన మిత్రుడు ఒకరు కలిసి 5,000 డాలర్లు పెట్టి, ఆరు నెలలు నడిపి చూడమని కుర్రవాడి చేతికిచ్చారు. గడువు తీరేసరికి 12,000 డాలర్ల లాభం కనిపించింది. స్లోన్‌కు అప్పుడు 23 ఏళ్ళు. అదే రోజుల్లో ఐరీన్ జాక్సన్‌తో వివాహం జరిగింది.

అమెరికాలో అప్పుడే మోటారు కార్లు పుట్టుకొస్తున్నాయి. కారన్నాక చక్రాలుంటాయి, చక్రాలన్నాక బేరింగులు కావాలి. హయత్ కంపెనీ దశ తిరిగింది. ఆ కాలపు ముచ్చట ఒకటి మాకు బాగా నచ్చింది. కాడిలాక్ కార్ల తయారీలో హెన్రీ లీలాండ్ అనే పెద్దాయన ఉండేవారు. కొలతల విషయంలో మహా కచ్చితమైన మనిషి. హయత్ నుంచి వచ్చిన బేరింగులను మైక్రోమీటరుతో కొలిచి, ఒకదానికొకటి పొంతన లేదని తేల్చి, కుర్ర స్లోన్‌ను పిలిపించి చీవాట్లు పెట్టారు. మొదటి బేరింగు ఎంత ఉందో వెయ్యో బేరింగూ అంతే ఉండాలనీ, అంగుళంలో వెయ్యో వంతు తేడా కూడా పనికిరాదనీ నేర్పారు. ఇంజనీరింగ్ పట్టా ఇవ్వని పాఠం ఆ రోజు అబ్బిందని స్లోన్ పెద్దయ్యాక కూడా చెప్పుకునేవారు.

కంపెనీ పెరిగింది, దాంతోపాటు బెంగా పెరిగింది. సరుకులో సగం ఒక్క ఫోర్డే కొనేది. మిగిలినదాంట్లో పెద్ద భాగం జనరల్ మోటార్స్ కొనేది. ఈ ఇద్దరిలో ఏ ఒక్కరు సొంతంగా బేరింగులు చేసుకుంటామన్నా హయత్ కార్ఖానా ఖాళీ షెడ్డయిపోతుంది. సరిగ్గా ఆ సమయంలో, 1916లో, విలియం డ్యూరాంట్ కొనడానికి వచ్చారు. స్లోన్ కోటీ 35 లక్షల డాలర్లకు కంపెనీని అమ్మేశారు. అమ్మి ఇంట్లో కూర్చోలేదు. డ్యూరాంట్ విడిభాగాల కంపెనీలన్నిటినీ కలిపి పెట్టిన యునైటెడ్ మోటార్స్‌కు అధ్యక్షుడయ్యారు. 1918లో ఆ సంస్థ జనరల్ మోటార్స్‌లో కలిసిపోవడంతో స్లోన్ కూడా అక్కడికి ఉపాధ్యక్షుడిగా చేరారు.

ఈ డ్యూరాంట్ సంగతి కొంచెం చెప్పాలి. గుర్రపు బగ్గీల వ్యాపారంలో లక్షలు గడించి, 1908లో జనరల్ మోటార్స్‌ను స్థాపించిన మనిషి. కంపెనీలను కొనడమంటే ఆయనకు అంతులేని మోజు. బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్, ఓక్‌లాండ్, కాడిలాక్ ఇలా ఒకదాని తర్వాత ఒకటి కలుపుకుంటూ పోయారు. అప్పులు పెరిగి 1910లో బ్యాంకర్లు ఆయన్ను పక్కన పెడితే, లూయీ షెవర్లే అనే రేసు డ్రైవరుతో కలిసి 1911లో షెవర్లే కంపెనీ పెట్టి, దాని బలంతో 1916లో జనరల్ మోటార్స్‌ను మళ్ళీ చేజిక్కించుకున్నారు. ధైర్యంలో అసాధ్యుడే. కానీ ఏ విభాగం ఎంత ఖర్చు పెడుతోందో, ఎవరి దగ్గర ఎంత సరుకు పేరుకుందో ఒక్కచోట లెక్క లేదు. ఈ గందరగోళం చూసి స్లోన్ ఒక నివేదిక రాసిచ్చారు. కంపెనీ ఎలా నడవాలి, ఎవరికి ఎంత అధికారం ఉండాలి అనేదే దాని సారాంశం. డ్యూరాంట్ ఆదరంగా తీసుకున్నారు. తీసుకుని పక్కన పెట్టారు.

1920 వేసవిలో స్లోన్ విసిగిపోయి సెలవు పెట్టి యూరప్ వెళ్ళారు, ఉద్యోగం వదిలేద్దామన్న ఆలోచనతోనే. తిరిగొచ్చేసరికి వాతావరణం మారుతున్నట్లు కనిపించి ఆగారు. ఆ శరదృతువులో కార్ల అమ్మకాలు కుప్పకూలాయి. షేరు ధర నిలబెట్టడానికి డ్యూరాంట్ సొంతంగా అప్పులు చేసి షేర్లు కొంటూ నిండా మునిగారు. నవంబర్ 30న ఆయన కంపెనీ విడిచి వెళ్ళారు. పెట్టుబడిదారులైన డ్యూపాంట్ కుటుంబానికి చెందిన పియర్ డ్యూపాంట్ అధ్యక్షుడయ్యారు. పక్కన పడి ఉన్న స్లోన్ నివేదిక నెల తిరక్కుండా కంపెనీ రాజ్యాంగమైంది.

ఇక అసలు కథకు వస్తున్నాం.

1921లో జనరల్ మోటార్స్ చేతిలో ఏడు పేర్లు, పది మోడళ్ళు ఉన్నాయి. షెవర్లే, ఓక్‌లాండ్, ఓల్డ్స్‌మొబైల్, స్క్రిప్స్-బూత్, షెరిడన్, బ్యూక్, కాడిలాక్. చూడ్డానికి పెద్ద సంసారం. కానీ లాభం తెస్తున్నవి బ్యూక్, కాడిలాక్ రెండే. తక్కినవన్నీ ఆ ఇద్దరి సంపాదన తింటున్నాయి. పైగా షెవర్లేలో ఖరీదైన మోడల్, ఓక్‌లాండ్, ఓల్డ్స్‌మొబైల్, స్క్రిప్స్-బూత్, షెరిడన్ ఇంచుమించు ఒకే ధరల్లో అమ్ముడవుతున్నాయి. ఒక తల్లి పిల్లలు ఒకే వీధిలో వరసగా కిరాణా కొట్లు పెట్టుకుని, ఒకరి బేరం ఒకరు చెడగొట్టుకున్నట్లుంది. జనం ఎక్కువగా కొనే చవక కార్ల దగ్గర మాత్రం ఈ కంపెనీకి చెప్పుకోదగ్గ బండే లేదు. ఆ ఏడాది అమెరికాలో అమ్ముడైన ప్రతి 100 కార్లలో దాదాపు 56 ఫోర్డువి. జనరల్ మోటార్స్‌వి ఏడు పేర్లూ కలిపినా 13 లోపే. అందులో షెవర్లే వాటా నాలుగు.

ఏప్రిల్‌లో కంపెనీ ఒక ప్రత్యేక సంఘాన్ని వేసింది. దానికి పెద్ద స్లోన్. అందులో బ్యూక్, షెవర్లే విభాగాధిపతులు, పరిశోధనశాల అధిపతి ఛార్లెస్ కెట్టరింగ్, అంతకు ముందు ఫోర్డు అమ్మకాలు చూసిన నార్వల్ హాకిన్స్ లాంటివారు ఉన్నారు. వాళ్ళు చేసిన మొదటి పని మాకు చాలా నచ్చింది. ఉన్న కార్లను ముందు వేసుకుని దేన్ని ఎలా సర్దుదామా అని చూడలేదు. వాటిని కాసేపు మరిచిపోయి, జనం జేబులో ఉండే డబ్బు నుంచి మొదలుపెట్టారు. 450 నుంచి 600 డాలర్లు ఒక మెట్టు. 600 నుంచి 900 రెండో మెట్టు. అక్కడి నుంచి 1,200, తర్వాత 1,700, ఆపైన 2,500, చివరి మెట్టు 3,500. మొత్తం ఆరు మెట్లు. మెట్టుకు ఒకే కారు. రెండు మెట్ల మధ్య ఖాళీ ఉండకూడదు, ఒకే మెట్టు మీద ఇద్దరు నిలబడకూడదు.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. ప్రతి కారూ తన మెట్టు పై అంచు దగ్గర ధర పెట్టుకోవాలి, నాణ్యత ఆ ధరకు తగినదానికంటే కాస్త మెరుగ్గా ఉండాలి. అలా ఉంటే కింది మెట్టు కారు కొనబోయేవాడు ఇంకొంచెం వేసి మంచిది తీసుకుందామనుకుంటాడు. పై మెట్టు కారు కొనబోయేవాడు ఇంత తక్కువలో దాదాపు అలాంటిదే వస్తోంది కదా అని కిందికి చూస్తాడు. రెండు వైపుల నుంచీ బేరం వస్తుంది. ఫోర్డుతో ధరలో నేరుగా తలపడితే ఎవరూ నెగ్గలేరని స్లోన్‌కు తెలుసు. అందుకే తలపడకుండా ఒక మెట్టు పైన కూర్చుని పిలవడమే ఎత్తుగడగా పెట్టుకున్నారు.

ఈ ఆరు మెట్ల లెక్కలో షెరిడన్‌కూ, స్క్రిప్స్-బూత్‌కూ చోటు దొరకలేదు. రెంటినీ వదిలించుకున్నారు. షెవర్లేనూ వదిలించుకోమని సలహా ఇచ్చినవారున్నారు. కంపెనీ బయటి నుంచి పిలిపించిన కన్సల్టింగ్ ఇంజనీర్లు పరిశీలన చేసి, ఈ కారు పోటీకి నిలవదు, మూసెయ్యడమే మేలని రాసిచ్చారు. అప్పటి అంకెలు చూస్తే ఆ సలహాను తప్పుపట్టలేం. స్లోన్ ఆ నివేదిక పట్టుకుని పియర్ డ్యూపాంట్ దగ్గరికి వెళ్ళి వాదించారు. కింది మెట్టు లేకుండా నిచ్చెన ఉండదు, మంచి కారు తయారు చేసి అమ్మగలమన్న నమ్మకం మనకుండాలి అన్నదే ఆయన వాదన. డ్యూపాంట్ ఒప్పుకున్నారు. షెవర్లే బతికింది.

ఇది చదివినప్పుడు మాలో కొందరికి వేరే జ్ఞాపకం వచ్చింది. ప్రీ ఫైనల్లో తప్పినవాణ్ణి పబ్లిక్ పరీక్షకు కట్టనివ్వకపోతే బడి ఫలితాల శాతం పెరుగుతుంది. అలాంటి సర్దుబాటు మనకు తెలియనిది కాదు. ఆ ఫలితాల శాతం కూడా లెక్కగా తప్పేమీ కాదు మరి.

అయితే బతికించినంత మాత్రాన షెవర్లే గట్టెక్కలేదు. కెట్టరింగ్ అప్పటికే కారును మీట నొక్కి స్టార్టు చేసే విద్యుత్ పరికరం కనిపెట్టి పెద్ద పేరు సంపాదించారు. ఆయన నీళ్ళు అక్కర లేకుండా గాలితోనే చల్లబడే ఇంజిన్ ఒకటి రూపొందించారు. చుట్టూ రాగి రెక్కలుండేవి. అధ్యక్షుడు డ్యూపాంట్‌కు అది తెగ నచ్చి షెవర్లేకు అదే పెట్టాలన్నారు. విభాగంలోని ఇంజనీర్లు ఇది రోడ్డు మీద నిలవదన్నారు. రెండు వర్గాల నడుమ రెండేళ్ళు నలిగిన స్లోన్ ఒక జాగ్రత్త తీసుకున్నారు. కొత్త ఇంజిన్ పని సాగుతున్నా, పాత నీళ్ళ ఇంజిన్ మెరుగుదల ఆపనివ్వలేదు. 1923లో రాగి ఇంజిన్ షెవర్లేలు 759 తయారయ్యాయి. ఓ వంద దాకా జనం చేతికి వెళ్ళాయి. వేడెక్కడం, బలం తగ్గడం లాంటి ఫిర్యాదులు రావడంతో అన్నిటినీ వెనక్కి తెప్పించారు. అదే ఏడాది నీళ్ళ ఇంజిన్ షెవర్లేలు నాలుగు లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. మనస్తాపంతో రాజీనామాకు సిద్ధమైన కెట్టరింగ్‌ను మాత్రం స్లోన్ పోనివ్వలేదు. ఓడిన పథకాన్ని తీసేశారు, మనిషిని అట్టే పెట్టుకున్నారు. ఇద్దరి స్నేహం జీవితాంతం నిలిచింది.

ఆ గొడవ మధ్యలోనే 1923 మే 10న స్లోన్ అధ్యక్షుడయ్యారు. మరుసటి ఏడాది షెవర్లే విభాగాన్ని విలియం నుడ్‌సెన్ చేతికిచ్చారు. నుడ్‌సెన్ డెన్మార్క్ నుంచి వలస వచ్చి, ఓడల రేవులో కూలిపని చేసి, ఫోర్డు ఫ్యాక్టరీలను తీర్చిదిద్ది, ఫోర్డుతో పొసగక బయటికొచ్చిన మనిషి. మన సంచికలో వేయదగ్గ జీవితం నిజానికి ఆయనది. మరో ఏడు చూద్దాం.

నిచ్చెనలో ఇంకా ఒక ఖాళీ మిగిలింది. షెవర్లేకూ ఓల్డ్స్‌మొబైల్‌కూ మధ్య ధర తేడా ఎక్కువ. పోటీదారుడు ఎవరైనా అక్కడ దూరతాడని స్లోన్ భయం. 1926లో పోంటియాక్ అనే కొత్త పేరుతో 825 డాలర్లకు ఆరు సిలిండర్ల కారు తెచ్చి ఆ ఖాళీ పూడ్చారు. కొత్త కారయినా దాని బాడీ చాలా భాగం షెవర్లే బాడీయే. ఇంజిన్ వేరు, హోదా వేరు, లోపలి అచ్చులు మాత్రం ఉమ్మడి. ఒకే థాను గుడ్డతో ఇద్దరికి రెండు రకాల చొక్కాలు కుట్టినట్లన్న మాట. ఖర్చు తగ్గింది, కొనేవాడికి రెండు వేర్వేరు కార్లు కనిపించాయి. ఈ కిటుకును ఎంత వరకు వాడాలో స్లోన్‌కు తెలుసు. తర్వాతి వాళ్ళకు తెలియలేదు. ఆ మాట చివర చెబుతాం.

ఫోర్డు 1914 నుంచి 1925 దాకా తన మోడల్ టి కారును నలుపు రంగులోనే అమ్మారు. స్లోన్ కంపెనీ త్వరగా ఆరే కొత్త రకం పెయింటుతో నీలం, ఎరుపు, ఆకుపచ్చ కార్లు దించింది. వాయిదాల మీద కారు ఇచ్చే సంస్థ 1919లోనే ఏర్పడింది. పాత కారు తీసుకుని కొత్త కారు ఇచ్చే పద్ధతిని డీలర్లు ప్రోత్సహించారు. ఏటేటా రూపు మార్చే అలవాటు మొదలైంది. 1927లో హార్లీ ఎర్ల్ అనే రూపకర్త ఆధ్వర్యంలో కారు అందం చూడ్డానికి ఒక ప్రత్యేక విభాగమే పెట్టారు. అన్ని వైపులా మూసి ఉన్న కార్లు అమ్మకాల్లో 1924లో 43 శాతం ఉంటే 1927కు 85 శాతమయ్యాయి. పైకప్పు లేని తేలికపాటి బండిగా పుట్టిన మోడల్ టి ఈ మార్పును తట్టుకోలేకపోయింది. కోటిన్నర కార్లు చేసిన ఫోర్డు 1927 మేలో ఆ మోడల్‌ను ఆపేసి, కొత్తదాని కోసం నెలల తరబడి ఫ్యాక్టరీ మూసుకోవలసి వచ్చింది. ఆ ఏడాది షెవర్లే మొదటి స్థానానికి వచ్చింది. మూసెయ్యమన్న సలహా వచ్చి అప్పటికి ఆరేళ్ళు.

ఇక్కడ మా మనసులో మాట ఒకటి చెప్పాలి. నిచ్చెన మెట్లు అన్న మాట మనలాంటి వాళ్ళకు మామూలు మాట కాదు. ఈ దేశంలో మనుషులను ఏ మెట్టు మీద పుట్టినవాణ్ణి ఆ మెట్టు మీదే ఉంచారనీ, ప్రతి మెట్టుకూ కింద ఇంకో మెట్టు ఉండబట్టే ఆ నిచ్చెన కూలడం లేదనీ అంబేద్కర్ గారు మనకు నేర్పారు. ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న 1913-16 మధ్య రోజుల్లోనే హడ్సన్ నదికి అవతల న్యూజెర్సీలో స్లోన్ బేరింగులు చేయిస్తున్నారు. స్లోన్ నిచ్చెన పుట్టుకను అడగదు, డబ్బును అడుగుతుంది. ఈ ఏడు షెవర్లే కొన్నవాడు నాలుగేళ్ళకు పోంటియాక్‌కు, ఆపైన బ్యూక్‌కు ఎక్కవచ్చు. కానీ ఎక్కేదాకా వాడికి తృప్తి ఉండకూడదన్నది కూడా ఆ నిచ్చెన ధర్మమే. పక్కింటివాడి కారు ఏ మెట్టుదో చూసి తన కారును తక్కువగా చూసుకునే జబ్బు అక్కడే ముదిరింది. ఫోర్డు కారుకు ఆ జబ్బు లేదు. డాక్టరుకూ, రైతుకూ ఒకటే బండి. మాలో ఇద్దరం ఫోర్డు పక్షం, ఇద్దరం స్లోన్ పక్షం. ఎడతెగని వాదన.

కంపెనీని నడిపిన తీరులో మాత్రం మాకు భేదాభిప్రాయం లేదు. ప్రతి పేరుకూ ఒక అధిపతి. తన కారు సంగతి తనే చూసుకుంటాడు. డబ్బు లెక్కలు, ఏ మెట్టులో ఎవరుండాలన్న నిర్ణయం మాత్రం కేంద్ర సంఘాల చేతిలో ఉంటుంది. లెక్కలు అందరికీ ఒకే నమూనాలో ఉంటాయి కాబట్టి ఎవరు నిజంగా సంపాదిస్తున్నారో, ఎవరు కబుర్లు చెబుతున్నారో తెలిసిపోతుంది. లెక్కల కాగితాలతోనే తృప్తిపడకుండా స్లోన్ ఒక రైలు పెట్టెను ఆఫీసుగా మార్చుకుని దేశమంతా తిరిగారు. రోజుకు ఐదు నుంచి పది మంది డీలర్ల దుకాణాలకు వెళ్ళి, వాళ్ళ బల్ల ముందే కూర్చుని ఏ కారు ఎందుకు పోవడం లేదో అడిగి తెలుసుకునేవారు. 1929 తర్వాత మహా మాంద్యం వచ్చి మూడేళ్ళలో అమ్మకాలు మూడో వంతుకు దిగజారినప్పుడు నిచ్చెనను మళ్ళీ కుదించారు. అప్పటికి ఓక్‌లాండ్, మార్క్వెట్, వైకింగ్ పేర్లు చరిత్రలో కలిసిపోయాయి. బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్, పోంటియాక్ అమ్మకాలను 1932లో ఒకే గొడుగు కిందికి తెచ్చారు. అంత గడ్డు ఏడాదిలోనూ కంపెనీ నష్టం చూడలేదు.

కంపెనీ చూడని నష్టాన్ని కార్మికులు చూశారు. వేలాది మందికి పని పోయింది. ఉన్నవాళ్ళకు యంత్రం వేగం పెరిగింది. 1936 డిసెంబర్ 30న మిషిగన్‌లోని ఫ్లింట్ పట్టణంలో కార్మికులు ఫ్యాక్టరీల్లోనే బైఠాయించారు. బయటికి వస్తే వేరేవాళ్ళను పెట్టుకుంటారని లోపలే తిని, లోపలే పడుకుని 44 రోజులు కదలలేదు. కార్మిక మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ చర్చలకు పిలిస్తే, ఫ్యాక్టరీలు ఖాళీ చేసేదాకా మాట్లాడేది లేదని స్లోన్ భీష్మించుకున్నారు. రాష్ట్ర గవర్నరు సైన్యంతో ఖాళీ చేయించడానికి ఒప్పుకోలేదు. 1937 ఫిబ్రవరి 11న కంపెనీ కార్మిక సంఘాన్ని గుర్తించక తప్పలేదు. ఒక కారు ఏ మెట్టు మీద ఎందుకుందో అంత ఓపిగ్గా విచారించిన మనిషి, ఆ కారును బిగించే మనిషి బాధను ఎందుకు విచారించలేదో మాకు అర్థం కాలేదు.

రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పేదలకూ, నిరుద్యోగులకూ ఆసరాగా చేపట్టిన పథకాలను స్లోన్ గట్టిగా వ్యతిరేకించారు. వ్యతిరేకించే సంఘాలకు విరాళాలు ఇచ్చారు. సర్కారు మెస్ చార్జీల మీద చదువుకున్న మేము ఈ సంగతి చూసీ చూడనట్లు దాటలేం. ఆయన హయాంలోనే పెట్రోలులో సీసం కలపడం మొదలైంది. 1924లో న్యూజెర్సీలోని ఒక కార్ఖానాలో ఆ విషం పీల్చి ఐదుగురు కార్మికులు మరణించినా ఆ వ్యాపారం ఆగలేదు. దాని పొగను ప్రపంచమంతా దశాబ్దాల పాటు పీల్చింది.

వ్యక్తిగా చూస్తే స్లోన్ ఒంటరి. పొడవుగా, సన్నగా, ఎప్పుడూ నలగని సూటులో ఉండేవారు. పిల్లలు లేరు. తర్వాతి రోజుల్లో చెవులు సరిగా వినపడేవి కావు. కంపెనీలో ఎవరినీ ఆప్త మిత్రులుగా చేసుకునేవారు కాదు. చనువు పెరిగితే నిర్ణయం పక్షపాతమవుతుందని ఆయన జంకు. ఇల్లు న్యూయార్క్‌లో ఉండేది. డిట్రాయిట్ వచ్చినప్పుడల్లా హోటల్‌కు వెళ్ళకుండా కంపెనీ భవనం పై అంతస్తులోనే హాస్టలు గది లాంటి చిన్న గదిలో పడుకునేవారట. ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీ అధిపతికి ఒక మంచం, ఒక చిన్న గది. ఇది మా తమ్ముళ్ళకు చెబితే, ఆ గదికి తలుపుకు గడియ ఉండేదా అని అడిగారు.

1937లో అధ్యక్ష పదవి నుడ్‌సెన్‌కు అప్పగించి ఛైర్మన్‌గా 1956 దాకా కొనసాగారు. ఆ ఏడాదే ఐరీన్ గారు కన్నుమూశారు. ఆయన ఆస్తిలో పెద్ద భాగం దానాలకు వెళ్ళింది. 1934లో తన పేర ఒక ఫౌండేషన్ పెట్టారు. 1955 నుంచి అది యువ శాస్త్రవేత్తలకు పరిశోధన వేతనాలు ఇస్తోంది. 1945లో 40 లక్షల డాలర్లతో న్యూయార్క్‌లో క్యాన్సర్ పరిశోధన సంస్థకు పునాది వేశారు. దానికి కెట్టరింగ్ పేరు కూడా కలిపి స్లోన్-కెట్టరింగ్ అని పెట్టారు. తాను చదువుకున్న ఎం.ఐ.టి.లో మేనేజ్‌మెంట్ కళాశాల వెలిసింది ఆయన సొమ్ముతోనే. తన అనుభవాలను పుస్తకంగా రాస్తే, ప్రభుత్వం కంపెనీ మీద గుత్తాధిపత్యం కేసు పెట్టడానికి పనికొస్తుందేమోనని సొంత కంపెనీ న్యాయవాదులే ఏళ్ళ తరబడి అడ్డుకున్నారు. పట్టు విడవకుండా పోరాడి, 88 ఏళ్ళ వయసులో, 1964లో దాన్ని అచ్చులో చూసుకున్నారు. 1966 ఫిబ్రవరి 17న, 90 ఏళ్ళ వయసులో, తాను కట్టించిన ఆ వైద్య సంస్థలోనే మరణించారు.

ఆయన పోయాక నిచ్చెన గతి ఏమయిందంటే, మెట్లు ఒకదాని మీదికి ఒకటి జారాయి. షెవర్లే పెద్ద కార్లు చేసింది, బ్యూక్ చిన్న కార్లు చేసింది. ఖర్చు తగ్గించుకోవడానికి ఉమ్మడి బాడీల కిటుకును హద్దు మీరి వాడారు. 1977లో ఓల్డ్స్‌మొబైల్ కొన్నవారు లోపల షెవర్లే ఇంజిన్ చూసి కోర్టుకెక్కారు. 1982 మోడల్‌గా వచ్చిన కాడిలాక్ సిమరాన్ చవక షెవర్లేకు ముస్తాబు చేసి ఎక్కువ ధర పెట్టినదేనని జనం పసిగట్టేశారు. 2004 ఏప్రిల్‌లో చివరి ఓల్డ్స్‌మొబైల్ బయటికొచ్చింది. 2009 జూన్ 1న కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మళ్ళీ అదే పని, ఏ పేరు ఉంచాలి, ఏ పేరు తీసెయ్యాలి. పోంటియాక్ పోయింది, శాటర్న్, హమ్మర్ పోయాయి, సాబ్‌ను అమ్మేశారు. అమెరికాలో నాలుగు పేర్లు మిగిల్చారు. అందులో షెవర్లే ఒకటి.

మన దేశంలో ఈ కంపెనీ 1928లోనే బొంబాయిలోని శివ్‌డీలో కార్లు బిగించే ఫ్యాక్టరీ పెట్టింది. 1954లో మూసేసింది. షెవర్లే పేరు మళ్ళీ 2003లో వచ్చింది, ఆ మరుసటి ఏడు తవేరా దిగింది. 2017 చివరితో ఇక్కడ అమ్మకాలు ఆపేశారు. ఆ తవేరాలు మాత్రం మన రోడ్ల మీద ఇంకా అక్కడక్కడా తిరుగుతున్నాయి. కొన్నిటికి ముందు గుర్తు ఊడిపోయింది, రెండు మరల గుంటలు మాత్రం ఉన్నాయి.